పావు డాలరు పిల్లలు

చిరంజీవికి,

బీఎంఎక్స్ మీద, అదే మట్టి ట్రాకుల మీద జరిగే చిన్న సైకిళ్ల రేసుల మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. కానీ "బీఎంఎక్స్ రేసింగ్ అంచెలంచెలుగా ఎదిగి ఒలింపిక్స్‌కు చేరింది" అన్నావు చూడు, అక్కడ కాగితం పక్కన పడేశాను. అంచెలంచెలుగా ఎదగడం వ్యాసాల్లోనే జరుగుతుంది. బయట ఎవరో ఒకరు అలిగి వేరు కుంపటి పెడితేనే ఇంకో సంఘం పుట్టేది.

1974లో ఎన్‌బీఎల్, 1977లో ఏబీఏ అనే అమెరికా సంఘాలు, 1981లో ఐబీఎంఎక్స్‌ఎఫ్ అనే అంతర్జాతీయ సమాఖ్య అంటూ రైల్వే టైంటేబుల్‌లా రాసుకుంటూ పోయావు. సైకిలెక్కిన పిల్లాడు ఒక్కడైనా ఉన్నాడా అందులో? 1970 నవంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో, ఒక ఖాళీ స్థలంలో స్కాట్ బ్రైట్‌హాప్ట్ అనే 13 ఏళ్ల కుర్రాడు సైకిల్ రేసు పెట్టాడు. తలకి పావు డాలరు. 35 మంది పిల్లలొచ్చారు. మోటోక్రాస్‌లో, అంటే మట్టిదారి మోటార్‌సైకిల్ రేసుల్లో, తాను గెలుచుకున్న కప్పులే తెచ్చి బహుమతులుగా పంచేశాడు. ఇంత సరుకు వదిలేసి 2008 బీజింగ్ ఒలింపిక్స్ నుంచి మొదలెట్టావేం?

ఇక ఎన్‌బీఎల్, ఏబీఏల మధ్య "నిబంధనల్లో స్వల్ప తేడాలు" ఉండేవన్నావు. స్వల్పమా? ఎన్‌బీఎల్‌లో మూడు మోటోల్లో, అంటే తొలి విడత పరుగుల్లో, వచ్చిన స్థానాలన్నీ కలిపి లెక్కగట్టేవారు. ఏబీఏలో ఒక్క మోటో గెలిస్తే చాలు, నేరుగా ముందుకు. గేటు పడగానే ఎనిమిది మంది ఒకేసారి దూకుతారు. మొదటి మలుపులో పక్కవాడి హ్యాండిల్ తగిలి పడ్డ కుర్రాడి సంగతి ఆలోచించు. ఒక సంఘంలో ఆ రోజుకి వాడి పని దాదాపు అయిపోయినట్టే. ఇంకో సంఘంలో దుమ్ము దులుపుకుని తర్వాతి మోటోకి వెళ్తాడు. 2011లో రెండూ కలిసి యూఎస్‌ఏ బీఎంఎక్స్ అయ్యేదాకా, 34 ఏళ్లు, ఇదే తంతు.

నేను జిల్లా విలేకరిగా ఉన్నప్పుడు మా దగ్గర కబడ్డీకి రెండు సంఘాలుండేవి. ఒక కుర్రాడు రెండింటి సర్టిఫికెట్లూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చి నా టేబుల్ మీద పరిచాడు. స్పోర్ట్స్ కోటాకి ఏదీ చెల్లదన్నారట. వాడి గురించే రాసి పంపాను. డెస్కులో వాణ్ణి తీసేసి, ఇద్దరు అధ్యక్షుల ఫొటోలు పక్కపక్కన పెట్టి బాక్స్ ఐటం చేశారు! ఇప్పటికీ బాక్స్ ఐటం కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. నువ్వేమో నాలుగు పెట్టావు.

బీజింగ్‌లో గెలిచిన స్ట్రోంబెర్గ్స్, షోసన్‌ల పేర్లు రాశావు, మంచిదే. బ్రైట్‌హాప్ట్ 2015లో అదే కాలిఫోర్నియాలో, ఇండియో అనే ఊళ్లో, మరో ఖాళీ స్థలంలో వేసిన గుడారంలో చనిపోయి కనబడ్డాడని మాత్రం రాయలేదు.

బాక్సులన్నీ తీసేసి మళ్లీ రాసి పంపు. నెలాఖరు వరకూ ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో