గోదా నుంచి రింగు దాకా: కుస్తీపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తమ్ముడికి 17 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, బరువు 78 కిలోలు. గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ (అమెరికా వృత్తి కుస్తీ కంపెనీ) షో చూసొచ్చినప్పటి నుంచి వాడికి ఇంకో ధ్యాస లేదు. రెండేళ్లుగా జిమ్‌కు పోతున్నాడు గానీ కుస్తీ ఎక్కడా నేర్చుకోలేదు. "గెలిచేదెవరో ముందే అనుకుంటారు కదక్కా, ఇంక కుస్తీ ఎందుకు?" అంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక అక్క, చాంద్రాయణగుట్ట

జవాబు: గెలిచేదెవరో ముందే నిర్ణయిస్తారన్నది నిజమే. పడటం మాత్రం నిజంగా పడటమే. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా, సేథ్ రోలిన్స్ ఆడిన రింగును దగ్గర నుంచి చూస్తే అర్థమవుతుంది. పైన కాన్వాస్ గుడ్డ, దాని కింద పలచటి ఫోమ్, ఆ కింద చెక్క పలకలు, వాటిని మోసే ఇనుప దూలాలు. స్ప్రింగు పరుపేమీ ఉండదు. ఒక్క ఆటలో పది పదిహేనుసార్లు దాని మీద వీపు మోపాలి. అందుకే ఏ మంచి శిక్షణ కేంద్రంలోనైనా మొదటి నెలల్లో నేర్పేది పడటమే. దాన్ని 'బంప్' అంటారు.

వెల్లకిలా పడే బంప్ ఇలా చేస్తారు. ముందు గొంతుకూర్చుంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చూపు బొడ్డు మీద పెడతారు. చేతులు రెండూ ఒంటికి 45 డిగ్రీల కోణంలో చాపి, ఊపిరి గట్టిగా వదులుతూ వెనక్కి వాలతారు. వీపు పైభాగం, రెండు అరచేతులు ఒకేసారి నేలను తాకాలి. అప్పుడే దెబ్బ ఒకచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. గడ్డం పైకి లేస్తే తల వెనకభాగం చెక్కకు కొట్టుకుని మెదడు అదురుతుంది. భయంతో చెయ్యి వెనక్కి పెడితే మణికట్టో మోచెయ్యో విరుగుతుంది. నడుము ముందుగా తగిలితే వెన్ను చివరి ఎముక వారాల తరబడి నొప్పి పెడుతుంది. కూర్చుని సరిగ్గా వచ్చాకే వంగి నిలబడి, ఆ తర్వాతే నిటారుగా నిలబడి చేయిస్తారు. ఇంట్లో పరుపు మీదా, డాబా మీదా యూట్యూబ్ చూసి మాత్రం చేయనివ్వకండి. మెత్తటి పరుపు తల కిందకు వాలే తప్పును కప్పిపుచ్చుతుంది. ఆ తప్పు రింగులోకి వెళ్లాకే బయటపడుతుంది.

కుస్తీ అవసరమా అంటే, చాలా అవసరం. కర్ట్ యాంగిల్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 100 కిలోల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచాకే రింగులోకి వచ్చారు. బ్రాక్ లెస్నర్ 2000లో అమెరికా కాలేజీ హెవీవెయిట్ ఛాంపియన్. మన దేశం నుంచి వెళ్లినవాళ్లలో కవితా దేవి వెయిట్ లిఫ్టర్, రింకూ సింగ్ బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్. అందరికీ ముందే ఒక ఆట గట్టిగా వచ్చు. ఒట్టి జిమ్ కండతో వెళ్లినవాళ్లు రెండు నిమిషాల్లో ఆయాసపడతారు. ఆయాసంలో పట్టు జారితే గాయపడేది ఎదుటివాడు. మీ తమ్ముణ్ని రెండేళ్లు మ్యాట్ మీద ఫ్రీస్టైల్, అంటే ఒలింపిక్స్‌లో ఆడే కుస్తీ, నేర్చుకోమనండి. మెడ వ్యాయామాలు వారానికి మూడు రోజులు తప్పనిసరి. హిందీ, ఇంగ్లిష్ తడబడకుండా మాట్లాడటం కూడా ఈ వృత్తిలో సగం పని. మైకు పట్టుకుని ప్రేక్షకులను కదిలించలేనివాడికి ఎంత పట్టున్నా పైకి రావడం కష్టం.

శిక్షణ కోసం మన దేశంలో పేరున్నది జలంధర్‌లో గ్రేట్ ఖలీ 2015లో పెట్టిన అకాడమీ. ఎక్కడ చేరినా, డబ్బు కట్టే ముందు వెళ్లి చూడండి. నిజమైన రింగు ఉందా, నేర్పే మనిషి ఎక్కడ ఆడాడు, తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తారు, బీమా ఉందా అని అడగండి. "ఇన్ని లక్షలు కడితే డబ్ల్యూడబ్ల్యూఈ కాంట్రాక్టు ఇప్పిస్తాం" అన్నవాళ్ల దగ్గర క్షణం కూడా ఆగవద్దు. ఆ కంపెనీ ఆటగాళ్లను తానే పరీక్షించి పిలుచుకుంటుంది, 2013లో మొదలైన ఓర్లాండో కేంద్రంలో తానే తయారు చేసుకుంటుంది. ఇంకో సంగతి. అక్కడ ఆడేవాళ్లు కంపెనీ ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టుదారులు. కాంట్రాక్టు చేతికొచ్చే రోజు వస్తే సంతకానికి ముందు లాయరుకు చూపించాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, 52.8 కిలోలుంటుంది. రాష్ట్ర సెలెక్షన్లు ఐదు రోజుల్లో ఉన్నాయి. "49 కిలోల విభాగంలో ఆడితే పతకం ఖాయం, బరువు దింపేయండి" అంటున్నారు. రెండు రోజులుగా నీళ్లు మానేసి, ఎండలో రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తుతోంది. ఆపాలా వద్దా తెలియడం లేదు. — ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: అమ్మా, ఈరోజే ఆపించండి. అండర్-17 అమ్మాయిలకు 49 తర్వాతి విభాగం 53. మీ అమ్మాయి సరిగ్గా దానికి సరిపోతుంది. తన బరువులో తాను ఆడటమే ఆమెకు మేలు.

ఐదు రోజుల్లో పోయే నాలుగు కిలోలు కొవ్వు కాదు. పేగుల్లో ఉన్నది కొంత, కండలో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కొంత, మిగిలిందంతా నీరు. ఒంట్లో నీరు బరువులో 2 శాతం తగ్గితేనే శక్తి తగ్గడం మొదలవుతుంది. మీ అమ్మాయి విషయంలో అది కిలో పైచిలుకు మాత్రమే. నాలుగు కిలోలంటే 7 శాతం దాటుతుంది. రక్తం చిక్కబడుతుంది, చెమట ఆగిపోతుంది, ఒంటి వేడి బయటకు పోయే దారి మూసుకుపోతుంది. రెయిన్‌కోటు ఆ దారిని ఇంకా ముందే మూసేస్తుంది. 1997లో అమెరికాలో దాదాపు నెల రోజుల వ్యవధిలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలాగే రబ్బరు సూట్లలో బరువు దించుతూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ఆ సూట్లను, ఆవిరి గదులను నిషేధించారు. మన హైదరాబాద్ ఎండకు ఆవిరి గది కూడా అక్కర్లేదు. మూత్రం ముదురు రంగులోకి మారడం, కళ్లు తిరగడం మొదటి హెచ్చరికలు. చెమట ఆగి ఒళ్లు కాలిపోతున్నా, మాట తడబడుతున్నా చల్లటి నీళ్లు ఒంటి మీద గుమ్మరిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"పెద్దవాళ్లంతా దించుతారు కదా" అంటారు. దించుతారు, కానీ వాళ్ల వెంట డాక్టరు, ఫిజియో, పోషకాహార నిపుణుడు ఉంటారు. 2024 పారిస్‌లో అమన్ సెహ్రావత్ దాదాపు 10 గంటల్లో 4.6 కిలోలు దించి 57 కిలోల కాంస్యం గెలిచాడు. అదే పోటీల్లో వినేశ్ ఫోగాట్ 50 కిలోల ఫైనల్ రోజు ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగి మొత్తం పోటీ నుంచే అనర్హురాలైంది. తొలిరోజు బౌట్లు గెలిచి తిన్నదీ తాగిందీ రెండోరోజు తూకానికి మళ్లీ దిగాలి. దేశంలోనే అత్యుత్తమ బృందం వెంట ఉన్నా దిగలేదు. పెరిగే వయసు పిల్లతో ఆ పందెం కాయకండి. ఆమెకు నెలసరి తప్పుతోందేమో కూడా అడగండి. తప్పితే తిండి చాలడం లేదని అర్థం. అది ఎముకల దాకా పోతుంది.

మరో మాట. బరువు తగ్గుతుందని ఎవరైనా ఫ్యూరోసెమైడ్ లాంటి, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలిస్తే తీసుకోనివ్వకండి. డోపింగ్ జాబితాలో అవి పోటీలో ఉన్నా లేకున్నా నిషిద్ధం. "కోచ్ ఇచ్చారు" అన్న సాకు చెల్లదు. ఒంట్లో దొరికిన ప్రతిదానికీ ఆటగాళ్లదే బాధ్యత.

ఇప్పుడు 53కు ఏం చేయాలో చెప్తాం. రోజూ ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద తూచండి. ఇంటి కాటా అబద్ధం చెప్తుందేమో చూడాలంటే జిమ్‌లో 20 కిలోల ప్లేటు పెట్టి చూడండి. చివరి రెండు రోజులు జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పు తగ్గించి పెరుగన్నం, ఇడ్లీ, గుడ్డు పెట్టండి. ఊరగాయలు, అప్పడాలు మాన్పించండి. పీచు, ఉప్పు తగ్గితేనే అరకిలో దాకా తేలికవుతుంది. నీళ్లు మాన్పించే పనే లేదు. కొన్ని టోర్నీల్లో 2 కిలోల సడలింపు ఉంటుంది, ఛాంపియన్‌షిప్‌లలో ఉండదు. సర్క్యులర్ తెప్పించుకుని చదవండి. తూకానికీ తొలి బౌట్‌కూ మధ్య దొరికేది తక్కువ సమయమే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి, పావుగంటకో గ్లాసు చొప్పున నెమ్మదిగా తాగించండి. వెంట రెండు అరటిపళ్లు, ఇడ్లీలు చాలు. గెలుస్తుందన్న సంబరంలో బిర్యానీ పొట్లం మాత్రం తీసుకెళ్లకండి.

ఎప్పటికైనా 49 కావాలనుకుంటే అది సీజన్ మొదట్లో, డాక్టరును సంప్రదించి ఆలోచించాల్సిన విషయం. అప్పుడూ వారానికి బరువులో ఒక శాతానికి, అంటే అరకిలోకు మించి తగ్గకూడదు.

ప్రశ్న: తాలీంలో (కుస్తీ నేర్పే చోట) జోర్ (జోడీతో కుస్తీ సాధన) చేస్తుంటే తొడ మీద గుండ్రటి మచ్చ, దురద. మెడికల్ షాపు క్రీమ్ రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది, ఇప్పుడు నడుము దాకా పాకింది. నిన్న చెవి కూడా ఉబ్బింది. పహిల్వాన్ అన్నాక చెవి అలాగే ఉంటుందని ఉస్తాద్ నవ్వారు. — బార్కస్ యువకుడు

జవాబు: చెవి సంగతి ముందు చూడండి, దానికి టైం లేదు. దెబ్బకు చెవి మృదులాస్థి మీది పొర విడిపోయి మధ్యలో రక్తం చేరింది. ఆ మృదులాస్థికి ఆహారమందేది ఆ పొర నుంచే. ఒకట్రెండు రోజుల్లోపు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర రక్తం తీయించి, మళ్లీ నిండకుండా ఒత్తుకట్టు కట్టించుకోవాలి. కట్టు ఉన్నన్నాళ్లు జోర్ వద్దు. వదిలేస్తే లోపల గట్టిపడి ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. తాలీంలోనే సిరంజితో తీయించుకుంటే మృదులాస్థికి చీము పడుతుంది, అప్పుడు చెవి మొత్తం ముడుచుకుపోతుంది. వంకర చెవి పహిల్వాన్ గుర్తు అని మురిసిపోయే పెద్దలంటే మాకు గౌరవమే. కానీ ఆపగలిగిన నష్టాన్ని ఆపుకోవాలి. సాధనలో హెడ్‌గేర్ పెట్టుకోండి.

మచ్చ తామరలా ఉంది. షాపువాళ్లిచ్చే కలగలుపు క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది దురదను అణచి, ఫంగస్‌ను పెంచుతుంది. అందుకే పాకింది. చర్మ వైద్యుడికి చూపించి, స్టెరాయిడ్ లేని మందు మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయండి. కనబడకుండా పోయాక కూడా రెండు వారాలు కొనసాగించండి. కనీసం మూడు రోజులు మందు పడ్డాకే, మచ్చను కప్పుకుని జోర్‌కు వెళ్లాలి. లంగోటా రోజూ ఉతికి ఎండలో ఆరేయండి, తువ్వాలు ఎవరితోనూ పంచుకోకండి. మ్యాట్ బూట్లతో బాత్రూంకు వెళ్లొద్దు. మెడ మీదో ముఖం మీదో మంటతో కూడిన చిన్న నీటిపొక్కులు గుంపుగా వస్తే అది తామర కాదు, హెర్పీస్. ఒక్కరి నుంచి తాలీం అంతా పాకుతుంది. డాక్టరు మాత్రలిచ్చి, సరేననే దాకా ఎవరితోనూ పట్టు వేయకండి.

ప్రశ్న: జాతరల్లో కొబ్బరికాయ కుస్తీ నుంచి వెండి కడెం దాకా గెలిచాను. మ్యాట్ మీద మాత్రం తొలి రౌండే దాటలేకపోతున్నాను. — సైదాబాద్ నుంచి ఒకరు

జవాబు: మట్టిలో వీపు తాకితేనే ఓటమి, కాబట్టి బోర్లా పడుకుని కాచుకోవడం అలవాటవుతుంది. మ్యాట్ మీద ప్రమాదమంతా అక్కడే. ఎదుటివాడు నడుము చుట్టూ పట్టి దొర్లిస్తే దొర్లించినప్పుడల్లా 2 పాయింట్లు. ఫ్రీస్టైల్‌లో 10 పాయింట్ల తేడా వచ్చిందా, ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. మీరు బహుశా ఇలాగే ఓడిపోతున్నారు. బోర్లా పడ్డప్పుడు మోకాళ్లు, మోచేతులు వెడల్పుగా పెట్టి, తుంటిని మ్యాట్‌కు అదిమి ఉంచడం, వెంటనే లేవడం విడిగా సాధన చేయండి. రెండోది నిలుచునే తీరు. మట్టిలో నిటారుగా మెడలు పట్టుకుని ఎంతసేపైనా తూగొచ్చు. ఇక్కడ మూడేసి నిమిషాల రెండు భాగాలే, దాడి చేయకపోతే రిఫరీ 30 సెకన్ల గడువు పెట్టి, అప్పటికీ ఎవరికీ పాయింటు రాకపోతే ఎదుటివాడికి పాయింటు ఇచ్చేస్తాడు. నడుము వంచి, తల ఎదుటివాడి ఛాతీ ఎత్తులో ఉంచండి. 9 మీటర్ల వలయం దాటి కాలు పెడితే ఎదుటివాడికి ఒక పాయింటు పోతుంది. చివరిగా, మట్టిలో పాదం జారుతుంది, మ్యాట్ మీద బూటు అతుక్కుంటుంది. పాత వేగంతోనే నడుము తిప్పి విసిరితే మోకాలి లిగమెంటు తెగుతుంది. పాదం తిప్పాకే నడుము తిప్పాలి.

ప్రశ్న: దారా సింగ్ నిజంగా పహిల్వానేనా, నటుడేనా? — కాచిగూడ పాఠకుడు

జవాబు: నిజమైన పహిల్వానే. మట్టి కుస్తీ నేర్చి వృత్తి కుస్తీలోకి వెళ్లారు. 1968లో బొంబాయిలో అమెరికా కుస్తీ వీరుడు లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచారు. సినిమాలు అటుపక్క.

ప్రశ్న: నాకు 31. మోకాలి ఆపరేషన్ అయింది, ఇంక ఆడలేను. చేతిలో పతకాలు తప్ప ఏమీ లేవు. — మాజీ ఆటగాడు, సికింద్రాబాద్

జవాబు: పతకాల కంటే ముందు సర్టిఫికెట్లు వెతికి ఒక ఫైల్లో పెట్టండి. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాలో అంతర్జాతీయ పోటీలకు ఫారం 1, జాతీయ పోటీలకు ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, జాతీయ పాఠశాల పోటీలకు ఫారం 4 అడుగుతారు. సంఘం కార్యదర్శులు మారకముందే సంతకాలు తెచ్చుకోవడం మేలు. చాలామందికి ఉద్యోగం చేజారేది ఇక్కడే. నోటిఫికేషన్లలో వయోపరిమితి ముందు చూడండి.

కోచ్ కావాలంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. కుటుంబం నడపాల్సినవాళ్లకు మొదట ఆరు వారాలదే వీలు. దాంతో స్కూళ్లలో, జిమ్‌లలో పని మొదలుపెట్టవచ్చు. రిఫరీ పరీక్ష కూడా రాయండి. మోకాలు ఎంతవరకు సహకరిస్తుందో మాత్రం ముందు ఫిజియోను అడగండి.

తిండి కూడా ఇప్పుడే మార్చాలి. రోజుకు నాలుగైదు గంటలు చెమటోడ్చినప్పటి పాలు, నెయ్యి, బాదం, మటన్ అదే లెక్కన కొనసాగితే ఏడాదిలోనే నడుము చుట్టూ చేరతాయి. సాధన ఆగిన వారంలోనే నెయ్యి, అన్నం సగానికి దించండి, మాంసకృత్తులు తగ్గించకండి. మోకాలికి బరువు పడని ఈత, సైకిల్ రోజుకు 40 నిమిషాలు చేయండి. ఆరు నెలలకోసారి రక్తపోటు, షుగర్ పరీక్ష చేయించుకోండి. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 శాతానికి చేరితే డాక్టరును కలవండి.