ఆన్‌లైన్ క్లాసుల నుంచి మళ్లీ బడికి: కాన్వెంటు స్కూల్లో మొదటి రెండు వారాలు ఎలా నడపాలి?

సిస్టర్, మీరు అడిగింది ఇది: కోవిడ్‌తో మూతపడిన విశాఖలోని మీ కాన్వెంటు స్కూలును 2021 ఆగస్టు 16, సోమవారం తెరుస్తున్నారు, 1 నుంచి 10 దాకా 600 మంది పైచిలుకు పిల్లలు, స్వాగత కార్యక్రమంలో ఏమేం పెట్టాలి, సిలబస్ ఎక్కడి నుంచి ఎత్తుకోవాలి? నిరుడు, 2020 నవంబరు 2న 9, 10 తరగతులు తెరిచినప్పుడూ, ఈ ఫిబ్రవరి 1న చిన్న తరగతులు మొదలైనప్పుడూ, మళ్లీ ఏప్రిల్ 20 నుంచి తొమ్మిదో తరగతి దాకా మూసేసినప్పుడూ మన బళ్లలో ఏం కుదిరిందో, ఏం బెడిసికొట్టిందో చూసి చెబుతున్నాను.

కార్యక్రమాన్ని 20 నిమిషాలు దాటనివ్వకండి. నెలల తరబడి ఇంట్లో కూర్చున్న పిల్లలకు ఎండలో నిలబడే ఓపిక పోయింది. ఆగస్టులో మన ఊరి ఉక్కపోతకు మాస్కు కూడా తోడైతే పదిహేనో నిమిషానికే కళ్లు తిరుగుతాయి. డ్యాన్సులు, ఉపన్యాసాలు వద్దు. అందరినీ గ్రౌండులో నిలబెట్టకుండా క్లాసుల్లోనే కూర్చోబెట్టి మైకులో ప్రార్థన, హెడ్‌మిస్ట్రెస్ గారి రెండు మాటలు వినిపిస్తే చాలు. మిగతా శ్రద్ధంతా గేటు మీద, కుళాయిల మీద, క్లాసు టీచరు టైంటేబుల్ మీద పెట్టండి.

ముందు భవనం చూడండి. సముద్రం గాలికి మూసి ఉన్న గదుల్లో ఫ్యాను హుక్కులు, కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగు తుప్పు తింటాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ప్రతి హుక్కూ నిచ్చెనెక్కి చూడమనండి. తర్వాత గదిలో ఎవరూ లేకుండా ప్రతి ఫ్యానూ ఫుల్ స్పీడులో గంటసేపు తిప్పించండి. ఊగిసలాడే ఫ్యాను కింద బెంచీ వేయకండి. బెంచీల కింద చెదలు, స్టోర్ రూములో పాములు, తేళ్లు కూడా చూసుకోవాలి. గ్రౌండులో గడ్డి మోకాలెత్తు పెరిగిన చోట ఇది తప్పనిసరి.

నీళ్ల ట్యాంకు పని కనీసం మూడు రోజుల ముందే పెట్టుకోండి. అడుగున పేరుకున్న బురద తీయించి, గోడలు రుద్ది కడిగించాక ట్యాంకు నింపి, 1000 లీటర్లకు సుమారు 170 గ్రాముల బ్లీచింగు పౌడరు చొప్పున కలపాలి. పౌడరు నేరుగా ట్యాంకులో పోయకూడదు. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లే పోయాలి. ప్రతి కుళాయీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, రాత్రంతా, అంటే 12 గంటలైనా అలాగే ఉంచి, పొద్దున్నే మొత్తం వదిలేసి మంచి నీళ్లు నింపాలి. పైపుల్లో నెలలుగా నిలవున్న నీళ్లు కూడా దీంతోనే పోతాయి. కుళాయిలు తిప్పకుండా ట్యాంకు ఒక్కటే కడిగి ఊరుకోవడమే చాలాచోట్ల జరిగే తప్పు. ఆరు నెలల కింద మూత తీసిన బ్లీచింగు సంచిలో పస ఉండదు, కొత్తది కొనండి. ఆర్‌ఓ మెషీన్ అన్నాళ్లూ ఆపేసి ఉంటే క్యాండిల్స్, మెంబ్రేన్ మార్చకుండా ఆ నీళ్లు పిల్లలకు పట్టకండి.

బెంచీలు, తలుపు గడియలు తుడవడానికి లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగు పౌడరు చాలు. ఇనుప గడియలను పది నిమిషాలాగి మంచి నీళ్ల గుడ్డతో మళ్లీ తుడవాలి, లేకపోతే తుప్పు ఇంకా పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త ఆయమ్మలకు మరీ మరీ చెప్పండి: మరుగుదొడ్డిలో యాసిడ్ పోసిన వెంటనే బ్లీచింగు నీళ్లు పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న చిన్న గదిలో అది ప్రాణాల మీదకి తెస్తుంది.

ఇది డెంగీ కాలం కూడా. పూలకుండీల పళ్లేలు, పాడైన ఫ్లష్ ట్యాంకులు, మేడ మీద పడేసిన టైర్లు, కాన్వెంటు ఆవరణలోని చిన్న గుహలో మరియమాత స్వరూపం ముందుండే నీటి తొట్టి, వీటన్నిట్లో నీళ్లు ప్రతి శుక్రవారం పారబోయించండి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి పారబోస్తే చాలు, పదిహేను రోజులకోసారి అయితే చాలదు.

ఇక ఇళ్లకు ఫోన్లు. ఇది మానేసిన బడి మొదటి రోజే దెబ్బతింటుంది. తెరవడానికి ముందు వారం ప్రతి క్లాసు టీచరూ తన పిల్లలందరి ఇళ్లకూ స్వయంగా ఫోన్ చేయాలి. 40 మందికి ఐదేసి నిమిషాలంటే 200 నిమిషాలు, మూడు రోజుల్లో తేలిగ్గా అయిపోతుంది. వాట్సాప్ మెసేజీతో సరిపెట్టకండి. అడగాల్సినవి కొన్నే: ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, బిడ్డ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటోంది, ఎవరు దింపుతారు, ఇన్నాళ్లూ క్లాసులు వినడానికి ఫోన్ దొరికిందా, యూనిఫాం పడుతోందా. ఫీజు మాట ఆ ఫోన్లో ఎత్తకూడదు. ఒక్కసారి ఎత్తితే మిగతా ప్రశ్నలకు నిజమైన జవాబు రాదు.

రెండో వేవులో అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలు మీ బళ్లోనూ తప్పక ఉంటారు. ఆ పేర్లు హెడ్‌మిస్ట్రెస్ దగ్గర ఒక నోటుబుక్కులో ఉండాలి. ఆ క్లాసుకు వెళ్లే ప్రతి టీచరుకూ 16వ తేదీకి ముందే నోటిమాటగా చెప్పాలి. లేదంటే తెలుగు టీచరు "మీ నాన్నగారి సంతకం పెట్టించుకురా" అంటుంది, బిడ్డ అక్కడే కుప్పకూలుతుంది. డైరీలోనూ ఫారాల్లోనూ ఈ ఏడాదికి "ఇంటి పెద్ద సంతకం" అని మార్చేయండి. ఆ పిల్లల్ని స్టేజీ ఎక్కించి ఓదార్చడం, కవరు చేతికిచ్చి ఫొటో తీయడం చేయకండి. సాయం చేయదలిస్తే ఇంటికెళ్లి పెద్దవాళ్లకివ్వండి. తల్లిదండ్రులిద్దరినీ కోవిడ్‌కు పోగొట్టుకున్న పిల్లల పేరిట రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది, 2021 మే 29న కేంద్రం పీఎం కేర్స్ నుంచి మరో పథకం ప్రకటించింది. బిడ్డను చూసుకునే తాతయ్యలకు, అమ్మమ్మలకు ఈ కాగితాల పని తెలియదు. మరణ ధ్రువపత్రం, బిడ్డ ఆధార్, స్టడీ సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టి దరఖాస్తుకు తోడు వెళ్లే మనిషిని ఆఫీసు నుంచి కేటాయించండి. ఇంట్లో బిడ్డను ఎవరైనా హింసిస్తున్నారని అనుమానమొస్తే చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

ప్రార్థన సంగతి. ఈసారి తేదీలు బాగా కలిసొచ్చాయి. 15వ తేదీ ఆదివారం, మరియమాత మోక్షారోపణ పండుగ (ఆమెను దేవుడు పరలోకానికి తీసుకెళ్లిన రోజు), జెండా పండుగ, మూడూ ఒకే రోజు. కతోలిక కుటుంబాలు ఎలాగూ తమ విచారణలో, అంటే తమ చర్చిలో, పూజకు వస్తాయి. చనిపోయిన తల్లిదండ్రుల, టీచర్ల పేర్లు, ఇంటివాళ్ల అనుమతి తీసుకుని, ఆ పూజలో చదవమని ఫాదర్ గారిని అడగండి. పేర్ల ఉచ్చారణ ముందే సరిచూసి రాసివ్వండి. సోమవారం బళ్లో మళ్లీ పూజ పెట్టనక్కర్లేదు. మన బళ్లలో ఎక్కువమంది పిల్లలు హిందువులు, ముస్లింలూ ఉంటారు. మైకులో సిలువ గుర్తు, పరలోక జపం ("పరలోకమందున్న మా తండ్రీ" అనే ప్రార్థన), ఒక నిమిషం మౌనం, అంతే. జపం చెప్పేవాళ్లు చెబుతారు, మిగతావాళ్లు చేతులు జోడించి నిలబడతారు, ఎప్పటి నుంచో అలాగే నడుస్తోంది. పాట మైకు దగ్గర ఒక్కరే పాడాలి, క్లాసంతా గొంతెత్తి పాడటం ఇప్పుడే వద్దు.

ఇది పోపు గారు ప్రకటించిన పునీత జోజప్ప (యేసును పెంచిన తండ్రి) సంవత్సరం కూడా, 2021 డిసెంబరు 8 దాకా ఉంది. మోరల్ సైన్స్ పీరియడ్లో కష్టపడి బిడ్డను పెంచిన వడ్రంగిగా జోజప్ప గారి గురించి చెప్పి, "మా ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు" అని బొమ్మ వేయించండి. పడవలు కదలని ఇళ్లు, హోటల్ మూతపడిన ఇళ్లు, ఆటో కిస్తీ కట్టలేని ఇళ్లు మీకు ఆ బొమ్మల్లో కనిపిస్తాయి. వాటికి మార్కులు వేయకండి, గోడకు అంటించకండి. ప్రథమ దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) ఆగిపోయిన పిల్లలు రెండు బ్యాచీలవాళ్లు ఉంటారు. వాళ్ల సత్యోపదేశం (మతబోధ) క్లాసులు సెప్టెంబరు 8, మరియమాత జన్మదిన పండుగ తర్వాత ఆదివారాలు మొదలుపెడితే మంచిది. బడి వేళల్లో పెట్టి చదువు పీరియడ్లు తినేయకూడదు.

గేటు దగ్గర రద్దీ తగ్గించడానికి చాలా బళ్లలో 8 నుంచి 10 తరగతులు 8.15కి, 6, 7 తరగతులు 8.45కి, చిన్నవాళ్లు 9.15కి అని పెడతారు. కాగితం మీద బాగుంటుంది. అక్క తొమ్మిదిలో, తమ్ముడు మూడులో ఉన్న ఇంట్లో మాత్రం ఒకే ఆటో, ఒకే ట్రిప్పు. తమ్ముడు గంటసేపు రోడ్డు మీద నిలబడతాడు. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ముందు వేళకే కలిసి రావచ్చని చెప్పి, చిన్నవాళ్లను లైబ్రరీలో కూర్చోబెట్టండి, అక్కడొక టీచరును ఉంచండి. ఆటో డ్రైవర్లను శనివారమే పిలిచి ఎవరు ఏ గేటు, ఎక్కడ ఆపాలి అని చూపించండి. బిడ్డ బ్యాగులో మడిచిన రెండో మాస్కు ఉండాలి. మన తేమకు మధ్యాహ్నానికల్లా మొదటిది తడిసిపోతుంది, తడిసింది పెట్టుకుని లాభం లేదు. యూనిఫాం, నల్ల బూట్లు నెల రోజులు అడగకండి. పాతవి ఎవరికీ పట్టవు, కొత్తవి కుట్టించే స్తోమత చాలా ఇళ్లలో లేదు.

రెండో తరగతి పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వీళ్లు 2020 మార్చిలో యూకేజీ. ఒకటో తరగతిలో కూర్చుంది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, అదీ వచ్చినవాళ్లే. ఒకటో తరగతివాళ్లయితే బడి ముఖం సరిగ్గా చూసిందే లేదు. వీళ్లకు మొదటి వారం పాఠం ఏమిటంటే: టిఫిన్ బాక్సు మూత తీయడం, సీసా మూత బిగించడం, జిప్పు వేసుకోవడం, మరుగుదొడ్డిలో నీళ్లు పోయడం, చెయ్యెత్తి అడగడం. బడి మరుగుదొడ్డంటే భయపడి పొద్దుటి నుంచి బిగబట్టుకుని కూర్చునే పిల్లలు ఎక్కువ. మొదటి రోజు ఆయమ్మ నలుగురేసి పిల్లల్ని తీసుకెళ్లి చూపించాలి. మొదటి వారం గంటన్నరకోసారి టీచరే పంపాలి.

సిలబస్ ఎక్కడి నుంచి అన్నారు. మొదటి పది పనిదినాలు పరీక్ష పెట్టకండి. రెండో రోజే స్లిప్ టెస్టు పెడితే తెలిసేది సున్నా, పోయేది బిడ్డ ధైర్యం. బదులు 2 నుంచి 7 దాకా ప్రతి బిడ్డనూ టీచరు పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు చదివించాలి. తెలుగులో అక్షరాలు, గుణింతపు మాటలు, ఒత్తులున్న మాటలు, నాలుగు వాక్యాల పేరా. ఇంగ్లిషులో అక్షరాలు, మాటలు, చిన్న కథ. ఎక్కడ ఆగిందో అక్కడ ఒక టిక్కు. ఇంగ్లిషు మీడియం కదా అని తెలుగు వదిలేయకండి. ఫోన్లో పాఠం విన్న పిల్లలకు ముందు పోయేవి ఒత్తులే. లెక్కల్లో అప్పు తెచ్చుకుని చేసే తీసివేత, రెండంకెల భాగహారం చూడండి. అయిదో తరగతిలోనూ చాలామంది అక్కడే ఆగుతారు.

ఆ టిక్కులను బట్టి 3, 4, 5 తరగతుల పిల్లల్ని రోజూ ఒక గంట స్థాయి ప్రకారం కలిపి కూర్చోబెట్టండి, మిగతా వేళ ఎవరి క్లాసు వాళ్లదే. గుంపులకు ఏ, బీ, సీ అని పెట్టకండి, మల్లె, మందారం, చామంతి అనండి. మూడు వారాలకోసారి మళ్లీ చదివించి గుంపు మార్చాలి. మార్చకపోతే ఆ గుంపే ముద్రగా మిగిలిపోతుంది.

వేళ్లకు రాత అలవాటు తప్పింది. మొదటి రోజు అయిదు లైన్లు, రోజుకు రెండు లైన్ల చొప్పున పెంచండి. ఒకేసారి రెండు పేజీలు రాయిస్తే మణికట్టు నొప్పి, ఏడుపు. పొద్దున్నే లేచే అలవాటూ పోయింది, మధ్యాహ్నానికి నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి లెక్కలు మొదటి రెండు పీరియడ్లలోనే ఉండాలి, మధ్యాహ్నం తర్వాత డ్రాయింగు, కథలు. కుదిరితే మొదటి వారం ఒంటిపూటే నడపండి. బోర్డు చూసి తప్పులు రాసే బిడ్డను తిట్టే ముందు 6 మీటర్ల దూరంలో కంటి చార్టు పెట్టి చూడండి, అన్ని నెలల స్క్రీను తర్వాత కొందరికి అద్దాలు కావాలి. అనుమానం ఉన్నవాళ్లను హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి పంపొచ్చు.

పదో తరగతికి వేరే భయం ఉంది. 2020, 2021లో వరుసగా రెండేళ్లు పబ్లిక్ పరీక్ష రద్దయింది, "మాకూ ఉండదులే" అనే మాట వాళ్లలో నడుస్తోంది. పరీక్ష ఉంటుందనుకునే చదవాలని మొదటి రోజే నెమ్మదిగా, బెదిరించకుండా చెప్పండి. రోజూ ఒక పీరియడు చూడకుండా సొంత మాటల్లో రాయించండి. ఆన్‌లైన్లో పుస్తకం చూసి రాసిన అలవాటు విరిగేది అలాగే. వాట్సాప్ హోంవర్కు గ్రూపుల్ని నోటీసులకే ఉంచండి, హోంవర్కు మళ్లీ డైరీలోకి రావాలి.

20వ తేదీ వరలక్ష్మీ వ్రతం, హాజరు తగ్గుతుంది, కంగారు పడకండి. 23, సోమవారం నుంచి మాత్రం వరుసగా మూడు రోజులు రాని బిడ్డ ఇంటికి క్లాసు టీచరు, ఒక సిస్టరు కలిసి వెళ్లాలి. కొందరు శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు వెళ్లిపోయి ఉంటారు, తొమ్మిదో తరగతి అబ్బాయి షాపులో పనికి కుదిరి ఉండొచ్చు, పదో తరగతి అమ్మాయికి సంబంధాలు చూస్తూ ఉండొచ్చు. పాత ఫీజు బాకీకి మొహం చాటేసినవాళ్లయితే, ముందు బిడ్డను పంపమనండి, బాకీ లెక్క ఆఫీసులో పెద్దవాళ్లతో తర్వాత తేల్చుకోవచ్చు. క్లాసులో బిడ్డ పేరు పిలిచి ఫీజు స్లిప్పు ఇవ్వడం ఒక్కరోజు జరిగినా ఆ బిడ్డ మళ్లీ రాదు. ప్రభుత్వ బడిలో చేర్పిస్తాం, టీసీ ఇవ్వండి అన్నవాళ్లకు బాకీ సాకు చూపకుండా అదే రోజు రాసిచ్చేయండి.