ఆకు మాడగానే స్ప్రేయరు అందుకోకు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. రాత్రి పదకొండింటికి నువ్వు ఫోన్ చేస్తే, ఆ గొంతు విని ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాం. మీ పెద్దమ్మ లేచి కూర్చుంది. తీరా చూస్తే పుచ్చపాదు ఆకులు మాడాయట! నవ్వడం లేదులే. నీకు కారొలైనా క్రాస్ అనే ఆ పెద్ద కాయల పుచ్చ రకం గింజలు ఇచ్చిందే నేను. ఏప్రిల్ నుంచి పిల్లాణ్ణి సాకినట్టు సాకావు. మీ టెనెసీలోనే, సెవియర్‌విల్‌లో క్రిస్ కెంట్ 2013లో పండించిన కాయ 350.5 పౌండ్లు తూగింది, అంటే మన లెక్కన 159 కిలోలు. ఒక బస్తా బియ్యం పాతిక కిలోలైతే ఆరు బస్తాల పైమాట. ఆ కాయ ఫోటో చూపించి నీకు పిచ్చెక్కించిన పాపం కూడా నాదే కాబట్టి, ఇప్పుడు ఈ ఉత్తరం రాయక తప్పదు.

ముందు ఒక్క పని చెయ్యి. ఇది చదవడం పూర్తయ్యేదాకా గ్యారేజీలో ఉన్న ఆ స్ప్రేయరు ముట్టుకోకు.

"రాత్రికి రాత్రే మాడిపోయింది పెదనాన్నా" అన్నావు. నిజంగా రాత్రికి రాత్రి జరిగేవి కొన్నే. ఈదురుగాలి, వడగళ్ళు, పిడుగు, జింక, పైన పడ్డ మందు. తెగులు అలా రాదు. అది వారం నుంచి అక్కడే కాపురం ఉంటుంది, శనివారం నీకు తీరిక దొరికి చూస్తే అప్పుడే వచ్చినట్టు కనబడుతుంది. అందుకే ఎవరైనా ఆకు చూపిస్తే నేను మచ్చ రంగు అడగను. ఆ తీగ దగ్గర వంగి, ఆకు తిరగేసి చివరిసారి ఎప్పుడు చూశావని అడుగుతాను. సగం రోగాలు ఆ జవాబులోనే బయటపడతాయి.

నువ్వు పంపిన ఫోటోలో ఒకే ఒక్క ఆకు ఉంది, మరీ దగ్గర నుంచి. దానితో నేనేం చెప్పలేనురా. ఎండిన మచ్చ ఏ కారణంగా వచ్చినా ఎండిన మచ్చలాగే ఉంటుంది. ఎక్కడుంది అన్నదే అసలు సాక్ష్యం. కుర్చీ మీద నిలబడి పాదు మొత్తం కనబడేలా తీయి. మాడినవి మొదలు దగ్గర ముదురాకులా, నడిమి ఆకులా, కొసల్లో లేతాకులా? పాదంతా సమంగా ఉందా, ఒక పక్కే ఉందా? ఒక పక్కే అయితే ఆ పక్క ఏముంది: రోడ్డా, కంచెనా, పక్కింటి లానా, పడమటెండా? ఇంకో ఆకు నీడలో దాగిన ఆకు ఎలా ఉంది? పైఆకు మాడి, దాని నీడ పడినంత మేర కింది ఆకు పచ్చగా ఉంటే, వచ్చింది పైనుంచే. దానికి భూతద్దం అక్కర్లేదు.

ఇంకొకటి. చుట్టూ ఉన్న టమాటాలు, కలుపు మొక్కలు కూడా చూడు. తెగులుకి ఇంటిపేరు పట్టింపు ఎక్కువ. పుచ్చకి వచ్చింది దోసకీ గుమ్మడికీ పోతుందేమో గానీ టమాటాకీ గడ్డికీ బంతికీ ఒకే రోజు రాదు. సంబంధం లేని మూడు జాతులు ఒకేసారి దెబ్బతింటే అది రోగం కాదు, ఎవరో ఏదో చేశారు. ఆ ఎవరో నువ్వే కావచ్చు కూడా.

నీ విషయంలో నాకు మొదట భయం వేసింది గడ్డి మందు గురించే. నువ్వుండేది మెంఫిస్ అంచున. నాలుగు మైళ్ళు పోతే సోయా, పత్తి చేలు. 2017లో డైకాంబా అనే గడ్డి మందు కొట్టిన చేల నుంచి మందు గాలికి లేచిపోయి దేశం మొత్తం మీద దాదాపు 36 లక్షల ఎకరాల సోయా దెబ్బతిందని అప్పట్లో అంచనా వేశారు. అందులో మీ పడమటి టెనెసీ, పక్కనే ఆర్కాన్సా ముందు వరసలో ఉన్నాయి. చేలదాకా ఎందుకు, లానుల్లో వెడల్పాకు కలుపుకి కొట్టే 2,4-డి కూడా వేడి రోజున ఆవిరై కంచె దాటుతుంది. పుచ్చకి ఈ మందుల వాసన చాలు. అయితే ఇవి ఆకుని మాడ్చవు, మెలిపెడతాయి. లేతాకు గిన్నెలా ముడుచుకుంటుంది, ఆకు చీలికలు సన్నబడి ఈనెలు దగ్గరికి జరుగుతాయి, తీగ కొస పాము పడగ ఎత్తినట్టు పైకి లేస్తుంది. ముదురాకులు మామూలుగానే ఉంటాయి. పారాక్వాట్ లాంటి మందు తుంపర పడితే కథ వేరు. చుక్క పడిన చోటే తెల్లగా మాడి ఆగిపోతుంది, తర్వాత వచ్చే ఆకు కడిగినట్టు శుభ్రంగా వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకో. కొత్త ఆకు చెడుతుంటే మందు పాదు ఒంట్లో ఉన్నట్టు. కొత్త ఆకు బాగుంటే దెబ్బ తగిలింది, అయిపోయింది.

నా సంగతి చెబుతాను. ఇక్కడ నార్త్ కారొలైనాలో రిటైరయ్యాక రెండో ఏడు, పాదుల కింద కప్పడానికి ఒకాయన దగ్గర ఎండుగడ్డి మోపులు కొన్నాను. మూడు వారాలకి కొసలన్నీ ముడుచుకున్నాయి. పేనుబంక తెచ్చిన వైరస్ అని నాకు నేనే తీర్పిచ్చేసి, మూడు పాదులు పీకి పారేశాను. చిన్నప్పుడు పెన్నా ఇసుకలో తాతతో పాటు పుచ్చ గుంటలు తవ్విన వాణ్ణి, నాకు తెలియనిదేముందన్న పొగరు. ఆ మట్టిలోనే బీన్స్ వేస్తే అవీ అలాగే ముడుచుకున్నాయి. అప్పుడు వెలిగింది. వైరస్ అయితే ఒక పాదులో మొదలై పక్కదానికి పాకుతుంది, ఆకు మీద ముదురు పచ్చ, లేత పచ్చ అతుకుల్లా కలిసి కనబడతాయి. నా పాదులన్నీ ఒకే వారంలో, ఒకేలా ముడుచుకున్నాయి. తప్పంతా ఆ గడ్డిలో ఉంది. పచ్చిక బయళ్ళలో కొట్టే అమినోపైరాలిడ్ అనే కలుపు మందు గడ్డితో పాటే ఎండుతుంది, ఆవు కడుపులోంచీ గుర్రం కడుపులోంచీ అలాగే బయటికొస్తుంది, పెంటకుప్పలో నెలలు మాగినా చావదు. మన ఊళ్ళో పశువుల ఎరువుని అనుమానించడమనే మాటే లేదు. ఇక్కడ అనుమానించాలి.

నువ్వు కూడా గుర్రాల సాల నుంచి పేడ తెచ్చానన్నావు గుర్తుందా? అది వేసి రెండు నెలలైంది, కొసలు బాగానే ఉన్నాయన్నావు కాబట్టి ఇప్పటి దెబ్బ దానిది కాదనే అనుకుంటున్నాను. కానీ ఇంకా కుప్ప మిగిలి ఉందంటున్నావు. పాదుకి మళ్ళీ వేసే ముందు మూడు కుండీల్లో ఆ పేడ కలిపిన మట్టి, మూడింటిలో కొట్లో కొన్న మట్టి పోసి, ఒక్కోదాంట్లో రెండేసి బీన్స్ గింజలు పెట్టు. మూడు వారాలు ఆగితే అవే చెబుతాయి.

ఇప్పుడు పురుగులు. తెల్ల కాగితం ఆకు కింద పట్టి, ఆకు మీద రెండు దెబ్బలు కొట్టు. రాలిన దుమ్ములో కొన్ని నడుస్తుంటే అది ఆకు రసం పీల్చే నల్లి. పైనుంచి చూస్తే ఆకంతా సూదితో పొడిచినట్టు పసుపు చుక్కలు, తిరగేస్తే సన్నటి సాలెగూడు. ఎండా దుమ్మూ ఉన్న అంచు నుంచి లోపలికి వస్తుంది. పెంకు పురుగులకని కార్బరిల్ పొడి చల్లావంటే నల్లిని తినే మంచి పురుగులు చచ్చి నల్లి పండగ చేసుకుంటుంది. చాలామంది చేసే తప్పు అదే. నేనూ చేశాను, వివరాలు వద్దు.

తెగుళ్ళలో నీకు నిజంగా ఉరుకు పెట్టించేది ఒక్కటే, బూజు తెగులు. మన దగ్గర ఏడాది పొడుగునా ఎక్కడో ఒక దోసపాదు పచ్చగా ఉంటుంది కాబట్టి అది ఊళ్ళోనే బతుకుతుంది. ఇక్కడ అలా కాదు. చలికి పాదులన్నీ చస్తే దానికి తిండి ఉండదు, దక్షిణాన ఫ్లోరిడా వైపు చలికాలం గడిపి, వేసవిలో గాలి మీద ఉత్తరానికి ప్రయాణం కడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాపు మీద చూపించే ఏర్పాటు నార్త్ కారొలైనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు నడుపుతున్నారు. మీ కౌంటీ చుట్టుపక్కల గుర్తు పడితే అప్పుడు మందు గురించి మాట్లాడదాం. పుచ్చలో అది పట్టిందంటే ఆకులు అంచులు పైకి చుట్టుకుని, కొద్ది రోజుల్లో చేనుకి నిప్పు పెట్టినట్టవుతుంది. మంచు పడి తడిగా ఉన్న పొద్దున ఆకు తిరగేస్తే అడుగున బూడిద రంగు బూజు కనబడాలి.

పక్షికన్ను తెగులూ, బంక తెగులూ నింపాదిగా వస్తాయి. మొదటిది వానలు పట్టాక, నల్లటి గరుకు మచ్చలు, మధ్యలో రాలి చిల్లులు. రెండోది మొదలు దగ్గర నుంచి పైకి ఎక్కుతుంది, కాండం మీద పగిలి ఎర్రటి బంక కారుతుంది. ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపు పడితే మెగ్నీషియం తక్కువ, ఇసుక నేలల్లో మామూలే. అంచులే కాలితే ఎరువు ఎక్కువ పోశావు.

వడలడం వేరు సంగతి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే దాన్ని వదిలెయ్, అంత ఎండకి మనమూ వాలుతాం. సాయంత్రానికీ లేవకపోతే ముందు వేలు మట్టిలో గుచ్చు. మట్టి బురదలా ఉంటే వేరుకి ఊపిరాడటం లేదు, నీళ్ళు పోశావంటే చంపినట్టే. మట్టి బాగుండి ఒక్క తీగే వాలితే, దాన్ని మొదట్లో ఏటవాలుగా కోసి చూడు. లోపల గోధుమ రంగు చారలుంటే ఫ్యుజేరియం ఎండు తెగులు. దానికి ఈ ఏడు చేసేదేం లేదు, ఏళ్ళ తరబడి మట్టిలోనే ఉంటుంది. వచ్చే ఏడు సొర మొక్క మీద అంటుకట్టుకోవాలి.

ఇక నీ ఆకు. మన మాటల్లో ఒకటి నువ్వు దాటవేశావు, నేను దాటలేదు. "గురువారం ఆఫీసు నుంచి రాగానే వేపనూనె, సబ్బు కలిపి కూడా కొట్టాను, అయినా ఇలా అయింది" అన్నావు. 'అయినా' కాదురా, 'అందుకే'నేమో! జూన్ నెలలో మెంఫిస్‌లో ఐదున్నరకి సాయంత్రం అనుకుంటున్నావు గానీ, పొద్దు ఎనిమిదింటికి గానీ గుంకదు. ఆ వేళకి ఇంకా 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర్లోనే ఉంటుంది. ఆ ఎండలో నూనె పూసిన ఆకు వేయించినట్టే. దానికి ముందు మూడు రోజులు మబ్బు పట్టిందని కూడా చెప్పావు. మబ్బులో పెరిగిన ఆకు లేత చర్మంది, మామూలు ఎండకే కమిలిపోతుంది. నీ ఫోటోలో మచ్చ కాగితంలా తెల్లగా ఉంది, చుట్టూ పసుపు వలయం లేదు. నాకు ముప్పాతిక పాళ్ళు ఇదే అనిపిస్తోంది.

కానీ నా మాట నమ్మి ఊరుకోకు. రేపు పొద్దున ఒక పర్మనెంట్ మార్కరు తీసుకుని పది ఆకుల మీద మచ్చ అంచు వెంబడి గీత గియ్యి. మందు పడినవీ, ఆ రోజు తర్వాత విచ్చుకున్నవీ విడివిడిగా రిబ్బను కట్టి గుర్తు పెట్టు. నాలుగు రోజుల తర్వాత మచ్చ గీత లోపలే ఉండి, కొత్తాకులు శుభ్రంగా ఉంటే మనం గెలిచినట్టే. గీత దాటితే ఒక్క ఆకు కాదు, మాడిందీ బాగున్నదీ కలిసిన తీగ ముక్క కోసి, తడిపేపర్లో కాకుండా పొడి పేపర్లో చుట్టి రైతులకి సలహాలిచ్చే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో ఇవ్వు. వాళ్ళు నాష్‌విల్‌లో యూనివర్సిటీ ల్యాబుకి పంపిస్తారు. సోమవారం ఇవ్వు, శుక్రవారం ఇస్తే శని ఆదివారాలు పోస్టులో కుళ్ళుతుంది. ఏయే మందు ఏ తేదీన కొట్టావో కాగితం మీద రాసి జతచెయ్యి. సిగ్గుపడి వేపనూనె సంగతి దాచకు.

సగం మాడిన ఆకు కొయ్యకు. మిగిలిన సగం పచ్చదనం కూడా కాయకి అన్నమే పెడుతుంది. రాలిపోతే కాయ మీద నీడ పోతుంది, అది ఇంకా పెద్ద నష్టం. ఇప్పుడే పాత తెల్ల దుప్పటి ఒకటి కాయకి ఎండ తగలకుండా నాలుగు కర్రలు పాతి పైన కట్టు, కాయకి అంటుకోకుండా. నీళ్ళు ఎప్పటిలాగే పొయ్యి. కోలుకోవాలని యూరియా ఇచ్చావంటే నేనే వచ్చి స్ప్రేయరు ఎత్తుకుపోతాను. టేపుతో రోజూ కాయని చుట్టూ కొలుస్తున్నావు కదా, ఆ లెక్క ఆపకు. ఆకు ఎలా కనబడినా కాయ పెరుగుదల తగ్గకపోతే పాదు లోపల గట్టిగానే ఉంది.

గురువారం రాత్రి ఫోన్ చెయ్యి, గీతల సంగతి చెప్పు. పదకొండింటికి కాదు, తొమ్మిదిలోపు. కవర్లో మీ పెద్దమ్మ బీన్స్ గింజలు ఓ పాతిక పెట్టింది. పరీక్షకి పన్నెండు చాలు, మిగతావి ఆ పేడ పడని మడిలో వేసుకుని కూర వండుకోండి.

ఇట్లు,
మీ పెదనాన్న