టెక్ సందేహాలు: స్పీడ్ టెస్ట్‌లో ఫుల్లు, వీడియో కాల్‌లో నిల్లు

ప్రశ్న: మాది 200 ఎంబీపీఎస్ కనెక్షన్. ఎప్పుడు టెస్ట్ చేసినా 190కి తగ్గదు. అయినా నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోల బ్యాకప్ మొదలుపెట్టిందంటే నా మాటలు తెగిపోతాయి. అవతలివాళ్లు ‘మళ్లీ చెప్పండి’ అంటుంటే ఒకటే టెన్షన్. 500 ప్లాన్‌కు మారిపోనా?

అప్పుడే మారకండి. హెచ్‌డీ వీడియో కాల్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ ఉంటే చాలు. మీకు వేగానికి కరువు లేదు. మీ మాటలు క్యూలో ఇరుక్కుంటున్నాయి.

బ్యాకప్ అంటే అప్‌లోడ్. లైను మోయగలిగినదానికంటే ఎక్కువ డేటా ఫోన్ నుంచి వస్తుంటే, మిగిలిన ప్యాకెట్లను (డేటా ముక్కలను) రౌటరో మోడెమో తన మెమరీలో దాచుకుని వరుసగా వదులుతుంది. ఆ మెమరీయే బఫర్. మీ గొంతును మోసే చిన్న ప్యాకెట్ కూడా ఆ ఫొటోల వెనకే నిలబడాలి. ఖాళీ లైన్లో 20 మిల్లీసెకన్లలో వెళ్లి వచ్చేదానికి అప్పుడు అర సెకను కూడా పట్టొచ్చు. సంభాషణ సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోవడం మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఏనాడో చెప్పింది. స్పీడ్ టెస్ట్‌లో పెద్దగా కనిపించే అంకెకు ఈ ఆలస్యంతో సంబంధం లేదు. ఆ అంకెను చూసి ప్లాన్ కొనే అలవాటు మనకు ఎలా వచ్చిందో గానీ, అది చెప్పేది సగం సంగతే.

ఈ జబ్బు పేరు బఫర్‌బ్లోట్. మెమరీ చవకయ్యాక రౌటర్లలో పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు, ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని. కానీ డేటాను ముక్కలుగా పంపే పద్ధతి అయిన టీసీపీకి లైను నిండిందని మామూలుగా తెలిసేదే ప్యాకెట్ పోయినప్పుడు. పోనివ్వకపోతే అది ఇంకా ఇంకా పంపుతూనే ఉంటుంది. ఈ స్వభావానికి ఒక కథ ఉంది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, 400 గజాల దూరంలోని బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అవును, నలభై! ఆ సంగతి తవ్వి చూసిన వాన్ జాకబ్సన్, ప్యాకెట్ పోగానే జోరు తగ్గించుకోవడం టీసీపీకి నేర్పారు. బఫర్‌బ్లోట్‌కు మందు కూడా ఆయనదే. కాథ్లీన్ నికోల్స్‌తో కలిసి 2012లో ప్రకటించిన ఆ పద్ధతి పేరు కోడెల్. క్యూ ఎంత పొడుగుందన్నది దానికి అనవసరం, ప్యాకెట్ ఎంతసేపు ఆగిందన్నదే చూస్తుంది. నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు పైనే ఉండిపోయి 100 మిల్లీసెకన్లు గడిస్తే, కావాలనే ఒక ప్యాకెట్‌ను పారేస్తుంది. పంపేవైపు ఆ సంకేతం అందుకుని జోరు తగ్గించుకుంటే క్యూ కరిగిపోతుంది.

మీ జబ్బు ఇదేనా అన్నది ముందు తేల్చుకోండి. కంప్యూటర్లో, ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచే పింగ్ కమాండ్ నడిపించి, ఖాళీ సమయంలో ఎన్ని మిల్లీసెకన్లు చూపిస్తుందో రాసుకోండి. తర్వాత పెద్ద వీడియో ఏదైనా అప్‌లోడ్‌కు పెట్టి మళ్లీ చూడండి. 20 కాస్తా 300 అయితే అనుమానం అక్కర్లేదు. రౌటర్ సెట్టింగుల్లో కోడెల్ లాంటి పద్ధతిని నడిపే ‘ఎస్‌క్యూఎం’ లేదా ‘స్మార్ట్ క్యూ’ ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితులను మీకు నిజంగా వచ్చే వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. కొంచెం తక్కువ ఎందుకంటే, క్యూ మీ రౌటర్లోనే కట్టాలి. మోడెమ్‌లోనో సర్వీసు కంపెనీ పరికరంలోనో కడితే దానిమీద మీకు అదుపుండదు. ఆ తర్వాత స్పీడ్ టెస్ట్ అంకె కాస్త తగ్గుతుంది, కంగారు పడకండి. మీ రౌటర్లో ఆ సదుపాయమే లేకపోతే బ్యాకప్‌ను రాత్రికి మార్చుకోండి. రౌటర్ మార్చే ఆలోచన ఉంటే ఓపెన్‌వర్ట్ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే మోడల్ చూడండి.

ఖాళీ సమయంలో కూడా పింగ్ ఎగిరెగిరి పడుతుంటే మాత్రం ఇదంతా పనిచేయదు. అప్పుడు వై-ఫైనో, లైన్‌నో అనుమానించాలి.

ప్రశ్న: గిగాబిట్ ప్లాన్ తీసుకున్నాను. కేబుల్ పెట్టినా ల్యాప్‌టాప్‌లో 94 దాటట్లేదు.

ఆ 94 అన్న అంకే దొంగను పట్టిస్తోంది. 100 ఎంబీపీఎస్ లింకులో హెడర్లు (ప్రతి ప్యాకెట్ మీదా ఉండే చిరునామా వివరాలు) పోగా మనకు మిగిలేది దాదాపు అంతే. 100కు కేబుల్లోని నాలుగు జతల తీగల్లో రెండు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఒక తీగ తెగినా, ఒక పిన్ను వంగినా లింకు చప్పుడు లేకుండా 100కు దిగిపోవచ్చు. క్యాట్ 5ఈ లేదా అంతకన్నా మంచి కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ 94 అంటే రౌటర్ పోర్టో, ల్యాప్‌టాప్ పోర్టో 100కే పరిమితమై ఉంటుంది.

ప్రశ్న: ఇంజినీరింగ్ విద్యార్థిని. సిగ్నల్ సరిగా లేనిచోట డౌన్‌లోడ్ చేసినా ఫైల్లో ఒక్క అక్షరం తప్పుపోదు. కాల్‌లో మాత్రం మాటలు మింగేస్తుంది. రెండూ అదే నెట్‌వర్క్ కదా?

మంచి ప్రశ్న. నెట్‌వర్క్ ఒకటే, దానికి అప్పగించిన పని వేరు. ఫైల్‌ను టీసీపీ ప్రతి ముక్కకూ నంబరు వేసి పంపుతుంది, అందినట్టు కబురు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఆలస్యమైనా ఫర్వాలేదు. కాల్‌లో ఆ వీలు లేదు. సెకను ఆలస్యంగా వచ్చిన మాట వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. అందుకే కాల్స్ సాధారణంగా మళ్లీ పంపే పని పెట్టుకోని యూడీపీ అనే పద్ధతి మీద నడుస్తాయి, పోయింది పోయిందే. ఆ నష్టాన్ని కొంత కప్పిపుచ్చే ఉపాయాలున్నాయి. మాటను డేటాగా కుదించడానికి కాల్స్‌లో బాగా వాడే ఓపస్ కోడెక్, ఇప్పటి ప్యాకెట్లోనే ముందు ప్యాకెట్ నకలును తక్కువ నాణ్యతతో జత చేసి పంపగలదు.

అసలు గొప్పతనం వీటికి కింద, రేడియో స్థాయిలో తప్పులను దిద్దే కోడ్లలో ఉంది. అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో గణితవేత్త రిచర్డ్ హామింగ్ వారాంతంలో వదిలివెళ్లిన లెక్కలను కంప్యూటర్ తప్పు దొరకగానే పక్కన పడేసేది. తప్పుందని కనిపెట్టగలిగినప్పుడు ఎక్కడుందో పట్టి దిద్దలేదా అన్న చిరాకులోంచి పుట్టినదే 1950 నాటి హామింగ్ కోడ్. నాలుగు బిట్లకు మూడు అదనపు బిట్లు చేరిస్తే, ఒక్క బిట్ చెడినా దాన్ని అందుకునేవైపే సరిచేసుకోవచ్చు, మళ్లీ పంపమని అడగక్కర్లేదు. 1960ల మొదట్లో రాబర్ట్ గాలగర్ కనిపెట్టిన ఎల్‌డీపీసీ కోడ్లు ఇంకా శక్తిమంతమైనవి. వాటికి కావలసిన లెక్కలు చేసే చిప్‌లు అప్పట్లో లేక మూలపడ్డాయి. ఇప్పుడు 5జీ డేటా వెళ్లేది వాటి మీదే.

ఒక చిన్న సవరణ. ‘ఒక్క అక్షరం తప్పుపోదు’ అన్నది పూర్తిగా నిజం కాదు. తప్పును పట్టడానికి టీసీపీ జత చేసే చెక్‌సమ్ 16 బిట్లే, అరుదుగా తప్పు దాన్ని దాటిపోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్ లాంటి పెద్ద ఫైల్ దింపుకుంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 విలువ సరిచూసుకోండి.

ప్రశ్న: వై-ఫై పరిధి దాటి మొబైల్ డేటాకు మారగానే కొన్ని డౌన్‌లోడ్లు ఆగిపోతాయి, కొన్ని సాగుతాయి. నా ఫోన్‌లో లోపమా?

కాదు. టీసీపీ కనెక్షన్‌ను గుర్తుపట్టేది ఐపీ అడ్రస్, పోర్టు నంబర్లతో. నెట్‌వర్క్ మారితే అడ్రస్ మారుతుంది, కనెక్షన్ తెగుతుంది. 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ అనే కొత్త పద్ధతిలో ప్రతి కనెక్షన్‌కూ సొంత ఐడీ ఉంటుంది కాబట్టి అడ్రస్ మారినా కొనసాగగలదు. అయితే యాప్, సర్వర్ రెండూ క్విక్ వాడాలి, ఈ మార్పిడికి ఒప్పుకోవాలి. ఇందులో మీ ఫోన్ సెట్టింగుల్లో మార్చాల్సిందేమీ లేదు.