సమాధానం: పాప ఏడ్చింది, ‘ఆస్ట్రో బాయ్’ మిగతా భాగం చూపించవచ్చా?

తప్పకుండా చూపించండి, కానీ పాపను ఒంటరిగా కూర్చోబెట్టకండి. 2009 నాటి ఈ సినిమాలో మీ ఆరేళ్ల పాప ఏడ్చిన చోటు నిజంగానే బరువైనది. టోబీ అనే అబ్బాయి చనిపోతాడు, తండ్రి డాక్టర్ టెన్మాకు వాడి టోపీ ఒక్కటే మిగులుతుంది. ఆ దుఃఖంలో కొడుకు జ్ఞాపకాలతో రోబోను తయారు చేసి, అది టోబీ కాదని తోచగానే దూరం పెడతాడు. పిల్లలను కలవరపెట్టేది చావుకన్నా ఈ తిరస్కారమేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. ‘నాన్న నన్ను కూడా వద్దంటాడా?’ అన్న భయం అది.

అందుకే ముందే చెప్పేయండి: చివరికి ఆ తండ్రి తన తప్పు తెలుసుకుంటాడు, ఆ రోబో బాబును కొడుకుగా ఒప్పుకుంటాడు. కథ తెలిసిపోతుందని సంకోచించకండి, ఆ వయసుకు ఉత్కంఠ కన్నా ధైర్యం ముఖ్యం. తర్వాత, బాబు కింద పడిపోతూ తన పాదాల్లోంచి మంటలు చిమ్మి ఎగరగలనని కనుక్కునే ఘట్టం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఆ సంబరం చూస్తే పాప తేరుకుంటుంది. చివర్లో భారీ రోబోతో పోరు కాస్త భీకరంగా ఉంటుంది, అప్పుడు ధ్వని తగ్గించి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోండి.