అరటికాయ చిప్స్, కర్రపెండలం చిప్స్: విదేశానికి కొత్తగా వచ్చినవాళ్ల సందేహాలు

"ఆలూ చిప్స్ మానేశానండీ, ఇప్పుడు అరటికాయ చిప్సే" అని ఈ మధ్యే విమానం దిగిన ఒకబ్బాయి గర్వంగా చెప్పాడు. చేతిలో ప్యాకెట్ అప్పటికే సగం ఖాళీ. నేను ఏమీ అనకుండా దాన్ని వెనక్కి తిప్పి చూపించాను. లెక్క వేస్తే 100 గ్రాములకు 500 పైచిలుకు కేలరీలు. ఆలూ చిప్స్‌వీ దాదాపు అవే అంకెలు.

పచ్చి అరటికాయలో 100 గ్రాములకు 120 కేలరీల చిల్లరే ఉంటాయి, ఎందుకంటే మూడింట రెండొంతులు నీళ్లే. వేగేటప్పుడు ఆ నీళ్లు ఆవిరైపోయి నూనె వచ్చి కూర్చుంటుంది. కర్రపెండలం కథా అంతే. కాబట్టి రుచి కోసం తినండి, ఆరోగ్యం పేరు చెప్పి తినకండి. అమెరికా ప్యాకెట్లలో అంకెలు 28 గ్రాముల సర్వింగ్‌కు ఇస్తారు. అది చాలా కొంచెం, మోసపోకండి.

పేర్లతో చాలామంది తికమకపడతారు. చిప్స్ ప్యాకెట్ల మీద ప్లాంటెయిన్ అన్నా, స్పానిష్‌లో ప్లాతానో అన్నా కూర అరటి రకమే. కర్రపెండలాన్ని కసావా, యుకా, మానియోక్ అని రకరకాలుగా రాస్తారు. సగ్గుబియ్యం వచ్చేది దీని నుంచే. అరటి ప్యాకెట్ల మీద 'స్వీట్' అని ఉంటే పండిన కాయతో చేసినవి, చక్కెర కలపకపోయినా తియ్యగానే ఉంటాయి. కరకరలాడే ఉప్పటివి కావాలంటే పచ్చికాయవి చూసుకోండి.

ఇంట్లో చేసుకుంటామంటారా? అరటికాయతో అయితే నిక్షేపంగా చేసుకోండి. గట్టిగా, ఆకుపచ్చగా ఉన్న కాయే తీసుకోవాలి. పసుపు తిరిగితే పిండిపదార్థం చక్కెరగా మారి, లోపల వేగేలోపే పైన మాడుతుంది. రెండు చివర్లూ కోసి, కాయ పొడవునా చాకుతో గీరి, బొటనవేలితో తొక్క లేపండి. జిగురు అంటకుండా చేతులకు కాస్త నూనె రాసుకోండి. బిళ్లలు పల్చగా, ఒకే మందంలో తరిగి, తడి లేకుండా తుడిచి, కొన్ని కొన్నిగా వేయండి. మొదటిసారి నేను అన్నీ ఒకేసారి కుమ్మరించాను. నూనె చల్లారి బిళ్లలన్నీ ముద్దయ్యాయి. ఆ కోపంలో మంట పెంచితే పొగ లేచి స్మోక్ అలారం మోగింది. పక్క ఫ్లాట్లవాళ్లు నైట్ డ్రెస్సులతోనే మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డారు. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాకే మూకుడు పెట్టండి.

కర్రపెండలం విషయంలో మాత్రం నా మాట కాస్త జాగ్రత్తగా వినండి. ఆ దుంపలో లినమరిన్ అనే పదార్థం ఉంటుంది. దుంపను కోసినా, నలిపినా, నమిలినా దాని నుంచి సైనైడ్ పుడుతుంది. తీపి రకాల్లో తక్కువ, చేదు రకాల్లో చాలా ఎక్కువ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆహార ప్రమాణాల్లో కర్రపెండలం చిప్స్‌కు ప్రత్యేకంగా పరిమితి పెట్టారు: హైడ్రోసయానిక్ ఆమ్లం (అంటే ఆ సైనైడే) కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. సరైన లేబుల్ ఉన్న ప్యాకెట్ కొన్నప్పుడు టెన్షన్ అక్కర్లేదు. పచ్చి దుంప తెచ్చి, తరిగి, నేరుగా నూనెలో వేసేవాళ్లతోనే నా బాధ. వేయించినంత మాత్రాన ఆ సైనైడ్ పూర్తిగా పోదు. పైనున్న గోధుమరంగు బెరడే కాదు, దాని కింద గులాబీ ఛాయలో ఉండే మందపాటి పొరా తీసేయాలి. ముక్కలు కోసి, మధ్యలో ఈనె లాగేసి, పుష్కలంగా నీళ్లుపోసి మెత్తగా ఉడికించాలి. ఆ నీళ్లు పారబోయాలి, చారులో కలపకండి! ముక్కలు ఆరాక వేయించుకోవచ్చు. అవి పల్చటి చిప్స్‌లా రావు, వేళ్లంత లావు ముక్కలుగా వస్తాయి. పైన కరకర, లోపల మెత్తన. నాకైతే అవే ఇష్టం.

ఆఫీసుకు పట్టుకెళ్తే ఏ నూనెలో వేయించారో ముందు చదవండి. వేరుశెనగ పడనివాళ్లు పక్క సీట్లోనే ఉండొచ్చు.

కొట్లో కర్రపెండలం దుంప మెరుస్తోందని మురిసిపోకండి, అది మైనం పూత. తవ్విన రెండు మూడు రోజులకే పాడవడం మొదలవుతుంది కాబట్టి దూరదేశాలకు పంపేటప్పుడు అలా పూస్తారు. కొనేముందు ఒక చివర కోసి చూపించమని అడగండి. లోపల తెల్లగా ఉంటే తీసుకోండి. నీలం, నలుపు చారలు కనిపిస్తే అక్కడే పెట్టేసి రండి.