గొళ్ళెం ఉందో లేదో ముందు చూడు

ఆదోని,
ఏప్రిల్ 14

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాపను ఈ నెల 28 నుంచి కర్నూలులో వేసవి శిబిరంలో చేర్పిస్తున్నామని, పొద్దున తొమ్మిదికి దింపితే సాయంత్రం నాలుగింటిదాకా అక్కడే ఉంటుందని రాశావు. మీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లను సెలవులన్నీ ఫోను ముందు కూర్చోబెట్టడం కన్నా ఇది మంచి పని, నాకు సంతోషంగా ఉంది. సంచీలో ఏమేమి సర్దాలని అడిగావు. చెబుతాను గానీ, దానికన్నా ముందు చెప్పవలసింది ఒకటి ఉంది.

వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసిన 31 ఏళ్ళలో నేను చాలా శిబిరాలు నడిపాను. ఒక ఏడాది, ఖోఖో ఆడుతున్న పదేళ్ళ పిల్ల పన్నెండు కాకముందే కళ్ళు తిరిగి కూలబడింది. నీడకు మోసుకెళ్ళి తడి తువ్వాలు కప్పి విసిరాం. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా నిండుగా అలాగే ఉంది. తేరుకున్నాక అడిగితే ఏడుస్తూ చెప్పింది. మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం లేదట, నీళ్ళు తాగితే వెళ్ళాల్సి వస్తుందని పొద్దున్నుంచి గుక్క కూడా తాగలేదట. ఆ శిబిరం బాధ్యత నాది. మైదానం కొలిపించాను, బంతులు లెక్కపెట్టుకున్నాను, ఆ తలుపు మాత్రం చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకని శిబిరం చూడటానికి వెళ్ళినప్పుడు బొమ్మలు వేసిన గోడలు తర్వాత చూడవచ్చు, ముందు మరుగుదొడ్డి చూడు. తలుపుకు లోపలి గొళ్ళెం ఉందా, పాప చేతికి అందుతుందా, నీళ్ళు వస్తున్నాయా, ఆడపిల్లలకు విడిగా ఉందా. తర్వాత మధ్యాహ్నం పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారో అడుగు. రేకుల షెడ్డు అంటే ఒప్పుకోకు. పన్నెండు తర్వాత రేకు కింద కూర్చోవడం పొయ్యి పక్కన కూర్చున్నట్టే. ఆరుబయట ఆటలు పదింటికల్లా ముగించి, మధ్యాహ్నమంతా గదిలో బొమ్మలు, కథలు, చదరంగం పెట్టేవాళ్ళయితే వాళ్ళకు పిల్లల సంగతి తెలుసని అర్థం.

పాప బెంగళూరులో పెరిగింది. అక్కడి ఎండ వేరు, కర్నూలు ఎండ వేరు. మే నెలలో మనకు 42, 43 డిగ్రీలు మామూలు. పెద్దవాళ్ళకు ఓర్చుకోగలిగిన వేడి పిల్లలకు ఎందుకు ప్రమాదమో చెబుతాను. వాళ్ళ బరువుతో పోలిస్తే ఒంటి మీద చర్మం ఎక్కువ. గాలి మన చర్మం కన్నా వేడెక్కినప్పుడు ఆ చర్మమే బయటి వేడిని లోపలికి తీసుకుంటుంది. పైగా పిల్లలకు చెమట తక్కువ. ఒళ్ళు కొత్త ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. నీకు సరిగ్గా రెండు వారాలున్నాయి. రేపటి నుంచే పొద్దున ఏడున్నరకు పావుగంట బయట ఆడించు, రోజుకు ఐదు నిమిషాలు పెంచుతూ పో. సాయంత్రం ఐదున్నర దాటాక మరికాసేపు. ఏసీ గదిలో రోజంతా ఉంచి, 28న ఒక్కసారిగా మైదానంలోకి పంపకు.

ఇక నీళ్ళు. దాహం వేశాక తాగడం ఆలస్యమే. ఆడుతున్నంతసేపు ఇరవై నిమిషాలకోసారి అర గ్లాసు తాగాలని ఇప్పటి నుంచే అలవాటు చెయ్యి. లీటరు పట్టే స్టీలు సీసా కొని, పాత నూలు గుడ్డ చుట్టి తడిపి పంపితే నీళ్ళు చల్లగా ఉంటాయి. తాగింది చాలుతోందో లేదో మూత్రం రంగే చెబుతుంది. లేత పసుపు అయితే సరే, ముదురు పసుపు అయితే ఆ పూట ఇంకా తాగాలి. ఇది పాపకే నేర్పు, ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని కూడా చెప్పు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు సంచీలో పెట్టు, ఎన్ని నీళ్ళలో కలపాలో ప్యాకెట్ మీద ఉన్న కొలతే పాటించాలి. చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. అట్టపెట్టెల్లో వచ్చే రంగు పానీయాలు మాత్రం కొనకు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజు ఉంటుంది, వాటిలో చక్కెర దానికి ఎన్నో రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతలకు సరిపోని పానీయాలకు ఓఆర్ఎస్ అన్న పేరు పెట్టకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది కూడా. ఇంట్లో మజ్జిగలో ఉప్పు వేసి ఇస్తే చాలు. సాయంత్రం వచ్చాక నన్నారి షర్బత్తు ఇవ్వు, అది మన సీమ పిల్లల హక్కు.

అన్నం విషయంలో నువ్వు తప్పకుండా జాగ్రత్తపడాలి. ముప్పై రెండు డిగ్రీలు దాటిన వేడిలో వండిన కూరలు గంటకు మించి బయట ఉంచకూడదంటారు, మనది నలభై దాటే ఊరు. కొబ్బరి పచ్చడి, గుడ్డు కూర, బంగాళాదుంప కూర డబ్బాలో వద్దు. చింతపండు పులిహోర, చపాతీలో పల్లీల పొడి, బెల్లం పల్లీ పట్టీ నిలుస్తాయి. పెరుగన్నం తప్పదంటే చల్లారిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా, పెరుగు ఒక చెంచా వేసి పంపు. మధ్యాహ్నానికి తోడుకుంటుంది, పులవదు. కీరదోసకాయ కోయకుండా పెట్టు. పొద్దున కడుపులో రాగి జావ పడకుండా గడప దాటనివ్వకు. గేటు బయట కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, రంగు ఐసు తినకూడదని గట్టిగా చెప్పు. ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో ఎవరూ చెప్పలేరు.

బట్టలు లేత రంగు నూలువి, వదులుగా, మోచేతులు దాటే చేతులతో. పగటిపూట కుట్టే డెంగీ దోమ నుంచి కూడా అవి కాపాడతాయి. అంచున్న టోపీ, మూసి ఉండే బూట్లు. బేతంచెర్ల బండలు పరిచిన వరండాలో మధ్యాహ్నం వట్టికాళ్ళతో నడిస్తే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి, చూశాను. గొలుసు, కమ్మలు, పట్టీలు ఇంట్లోనే తీసిపెట్టు. పదేళ్ళకు వేసే టీడీ టీకా (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసేది) దగ్గరపడింది, ఆసుపత్రిలో ఒకసారి అడుగు.

వడదెబ్బ సంగతి నీకూ తెలియాలి, శిబిరం వాళ్ళకూ తెలుసో లేదో అడగాలి. తలనొప్పి, వికారం, కాళ్ళు పట్టేయడం, తల తిరగడం మొదటి మెట్టు. నీడ, నీళ్ళు, విశ్రాంతి సరిపోతాయి, ఆ రోజుకు మళ్ళీ ఆటకు పంపకూడదు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, ఎక్కడున్నదీ తెలియనట్టు ప్రవర్తించినా, స్పృహ తప్పినా అది ప్రాణాంతకం. 108కు ఫోను చేస్తూనే ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరాలి. మెడకు, చంకల్లో తడిగుడ్డ వెయ్యాలి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. స్పృహ లేని పిల్ల నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇన్ని చెప్పినా, ఇవన్నీ పాప నోరు తెరిచి చెబితేనే పనికొస్తాయి. మన ఇళ్ళలో పిల్లలకు వినయం నేర్పుతాం, పెద్దవాళ్ళ మాటకు అడ్డు చెప్పవద్దంటాం. శిబిరానికి వెళ్ళే పిల్లకు ఇంకొకటి కూడా నేర్పాలి. ఆట మధ్యలో ‘సార్, నాకు తల తిరుగుతోంది, కూర్చుంటాను’ అనడం, ‘టీచర్, బయటకు వెళ్ళాలి’ అనడం. ఇంట్లో ఆటలా ఆడించు. నువ్వు టీచరుగా నటించి ‘ఇప్పుడు కాదు, తర్వాత’ అను. పాప మళ్ళీ అడగాలి, గొంతు పెంచి అడగాలి. మొదటి రెండు రోజులు సిగ్గుపడుతుంది, మూడో రోజుకు ఆ ధైర్యం వస్తుంది.

ఒంటి భాగాల పేర్లు దాచకుండా చెప్పు. ఎవరైనా, ఎంత మంచివారైనా, తెలిసినవారైనా, తాకవలసిన అవసరం లేని చోట తాకితే చెయ్యి విదిలించుకుని నలుగురున్న చోటికి రావాలని చెప్పు. ‘అమ్మకు చెప్పవద్దు’ అని ఏ పెద్దవారు అన్నా, ఆ మాటే ముందు అమ్మకు చెప్పాలి. పాప చెప్పినప్పుడు ‘అలా అయి ఉండదులే’ అనకు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు కంఠతా పట్టించు, నీ నంబరుతో పాటే. సాయంత్రం తీసుకురావడానికి ఎవరు వస్తారో శిబిరంలో రాసి ఇవ్వు, ఆ పేరు లేనివారితో పంపవద్దని చెప్పు. ఆటో అయితే డ్రైవరు పక్కన కూర్చోబెట్టేది వద్దు.

విహారయాత్రలుంటాయని రాశావు. ఓర్వకల్లు రాతి వనమైతే తెల్లవారే తీసుకెళ్ళి తొమ్మిదిన్నరకల్లా వెనక్కు రావాలి, ఆ రాళ్ళు వేడెక్కితే నిలబడలేరు. తుంగభద్ర ఒడ్డున స్నానాలు, సుంకేసుల ఆనకట్ట, కేసీ కాలువ అంటే మాత్రం పాపను పంపకు. ఎవరేమనుకున్నా సరే. వేసవిలో నది ఎండినట్టే కనిపిస్తుంది, ఇసుక తవ్విన గుంతల్లో నీళ్ళు ఎంత లోతున్నదీ పైకి తెలియదు. కాలువ గట్టు జారుడుగా ఉంటుంది, పెద్దవాళ్ళకే పట్టు దొరకదు.

సాయంత్రం పాప వచ్చాక ఏం నేర్చుకున్నావని అడగకు. ఎన్నిసార్లు నీళ్ళు తాగావు, ఎక్కడ కూర్చున్నారు, ఎవరితో తిన్నావు, ఎవరు ఏడ్చారు అని అడుగు. సీసా ఎత్తి చూడు. నిండుగా వచ్చిన రోజు కోప్పడకుండా, పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకని అడుగు.

వచ్చే ఆదివారం నేను కర్నూలు వస్తున్నాను. పాపను తీసుకుని ముగ్గురం శిబిరం జరిగే ఆ బడికి నడిచి వెళ్దాం. మీ మామయ్య ఒక ఇత్తడి గొళ్ళెం, నాలుగు మరలు పొట్లం కట్టి నా సంచీలో పెట్టారు. ఆ తలుపుకు లేకపోతే వాళ్ళను అడిగి మనమే బిగించి వద్దాం. పాప ఎత్తు చూసి మరీ.

ఆశీస్సులతో,
మీ అత్త